తయారీదారుకు వాపసు

మా కంపెనీ పేరు చెప్పను. చెప్పాలంటే ఒక ఫారం నింపాలి. ఆ ఫారం ఇమ్మని అడగడానికి ఇంకొక ఫారం ఉంది. మోకాళ్ళు అమ్మేవాళ్ళమని మాత్రం చెప్పగలను. అరిగిపోయిన మోకాలు తీసి దాని చోట డాక్టర్లు బిగించే లోహపు కీళ్ళు మావి. ఆరేళ్ళు అవే అమ్మాను.

ఈ వ్యాపారంలో ఒక మంచి పద్ధతి ఉంది. ఒకే రోజు ఒకే అచ్చులో తయారైన కీళ్ళన్నిటికీ ఒక బ్యాచ్ నంబరు వేస్తారు. ప్రతి పెట్టెలోనూ ఆ నంబరున్న స్టిక్కర్లు మూడుంటాయి. ఒకటి రోగి కేస్‌షీటులో అంటిస్తారు, ఒకటి ఆసుపత్రి రిజిస్టరులో, మూడోది మా దగ్గర ఉంటుంది. రేపు ఒక కీలులో లోపం బయటపడితే, దాని బ్యాచ్‌లోవన్నీ ఎవరెవరి కాళ్ళలో ఉన్నాయో వెతికి వెనక్కి తీసుకోవచ్చు. దీన్ని రీకాల్ అంటారు. మనిషి ఒంటికి సంబంధించిన విషయం కాబట్టి ఈ పద్ధతి ఉండాల్సిందే. నేనేమీ కాదనను.

కిందటేడు మా విజయవాడ ఆఫీసుకి క్వాలిటీ హెడ్‌గా ముకుందరావు గారు వచ్చారు. వచ్చిన వారానికే సర్క్యులర్ ఇచ్చారు. "కంపెనీ గడప దాటి మార్కెట్లోనికి వెళ్ళు ప్రతి యూనిట్‌కూ జాడ ఉండవలెను. జాడ లేని యూనిట్ లేనట్లే." దాని మీద జరిగిన మీటింగులో గోడౌన్ సూపర్‌వైజరు చెయ్యెత్తి, "సేల్సోళ్ళు కూడా రోజూ గడప దాటి మార్కెట్లోకే పోతన్నారు కదండీ" అన్నాడు. సరదాకి అన్నాడు. మేమందరం నవ్వాం. ముకుందరావు గారు నవ్వలేదు. రాసుకున్నారు.

పై సోమవారం మాకు స్టిక్కర్లు వచ్చాయి.

2019 జూలైలో గుంటూరు ఏరియా కోసం చేర్చుకున్న తొమ్మిది మందిమి బ్యాచ్ 19-07-జి అయ్యాం. నేను యూనిట్ నాలుగు. ఒక స్టిక్కరు ఐడీ కార్డు వెనక అంటించుకోవాలి, ఒకటి ఆఫీసు ఫైల్లో ఉంటుంది. మూడోదాన్ని "అంతిమ గమ్యస్థానమున అంటించు నిమిత్తం" అని రాసి కవరులో పెట్టి బీరువాలో దాచారు. అంతిమ గమ్యస్థానం ఎక్కడని ఎవరూ అడగలేదు. నాకు కోపం కూడా రాలేదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. పెద్దవాళ్ళు చేసే ప్రతి పనికీ ఏదో కారణం ఉంటుందనీ, అది నాకు అర్థం కాకపోతే లోపం నాదేననీ అనుకోవడం నాకు అలవాటు. స్టిక్కరు కింద గాలిబుడగ లేకుండా బొటనవేలితో నొక్కి మరీ అంటించుకున్నాను.

ఉద్యోగం మానాలనుకున్నది స్టిక్కరు వల్ల కాదు. మోకాళ్ళ వ్యాపారంలో వాడేవాళ్ళు ఎంచుకోరు, ఎంచుకునేవాళ్ళు వాడరు. సైజుల పెట్టె పట్టుకుని నేను ఆపరేషన్ థియేటర్లో నిలబడతాను. డాక్టరుగారు "నాలుగు" అంటే నాలుగు అందేలా చూస్తాను. టేబుల్ మీద ఆకుపచ్చ గుడ్డలోంచి ఒక మోకాలు కనిపిస్తుంది. మొహం కనిపించదు. ఆరేళ్ళలో నా సరుకు వేసుకుని నడిచిన ఒక్క మనిషితోనూ నేను మాట్లాడలేదు. ఆ కాలు బాగా నడుస్తోందో లేదో తిట్టో పొగిడో నాకు చెప్పినవాళ్ళు లేరు.

నవంబరులో ఒకరోజు మా నాన్నతో కలిసి గుంటూరు పట్నం బజారులో నాగభూషణం గారి టార్పాలిన్ల కొట్టుకి వెళ్ళాను. మా నాన్న పున్నయ్య మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠాలో పని చేస్తాడు. యార్డు ముఠా కోసం టార్పాలిన్ పట్టా ఒకటి కావాలని వెళ్ళాం. మా ముందు ఒక రైతు పట్టాని నేల మీద పరిపించి, నాలుగు మూలలూ ఎత్తి పట్టించి, మధ్యలో చెంబెడు నీళ్ళు పోయించి, కింద తడి దిగిందేమోనని వంగి చూశాడు. ఒక్క చుక్క కనపడేసరికి నాగభూషణం గారి పెద్దల్ని కూడా తలుచుకున్నాడు. తరవాత ఇంకో పట్టా చూసి కొనుక్కుని, నవ్వుతూ వెళ్ళాడు. నాకు కడుపు నిండినట్టయింది.

"మోకాళ్ళమ్మినోడివి, పట్టాలమ్మలేవా?" అన్నారు నాగభూషణం గారు. "మిరపకాయ ఆరబెట్టడానికి కళ్ళాల్లోకి రాకముందే నాకు మనిషి కావాల. జనవరి ఒకటికి వచ్చెయ్. వచ్చేటప్పుడు పాత కంపెనీ కాగితం తెచ్చుకో. పోయినేడు ఒకడు అక్కడా ఇక్కడా రెండు చోట్లా చేస్తా దొరికాడు. కాగితం లేకపోతే నీ చోటు ఇంకొకడిది."

డిసెంబరు ఐదున రాజీనామా పట్టుకుని హెచ్.ఆర్. ప్రజ్ఞ మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"రాజీనామానా?" అన్నారు మేడమ్, ఆ మాట ఎప్పుడో చిన్నప్పుడు విన్నట్టు. "కొత్త సిస్టమ్‌లో ఆ ఆప్షన్ తీసేశారు. యూనిట్లు రాజీనామా చెయ్యవు కదా. రీకాల్ ఒక్కటే ఉంది."

"సరే మేడమ్. రీకాలే చెయ్యండి."

"లోపం ఏంటి?"

"లోపమేం లేదు మేడమ్. వేరే పని చూసుకున్నాను."

"లోపం లేని యూనిట్‌ని మార్కెట్లోంచి ఎలా తీస్తాం కొండలూ? ఒకరి కాల్లో శుభ్రంగా పని చేస్తున్న మోకాలు, నేను ఇంకొకరి కాల్లోకి పోతానంటే మనం ఒప్పుకుంటామా?"

ఆలోచిస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మేడమ్ ఫారం ఆర్-14 ఇచ్చారు. అందులో ఐదు లోపాలున్నాయి. విరుగుట, వంగుట, తుప్పు పట్టుట, శబ్దము చేయుట, పరిసరములకు సరిపడకుండుట. నేను నిజాయితీగా ఒక్కొక్కటే చూసుకున్నాను. విరగలేదు. వంగడం సేల్స్‌లో లోపం కిందికి రాదు. తుప్పు సంగతి మనకు మనం చెప్పుకోలేం. శబ్దం చేసే అలవాటు మొదటినుంచీ లేదు. చివరిదాని ఎదురుగా టిక్కు పెట్టి, వివరాల గడిలో, "థియేటర్లో గుడ్డ కింద ఉన్నవారి మొహం ఎలా ఉంటుందో చూడాలనిపిస్తున్నది" అని రాశాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

మూడో రోజు మస్తాన్ వలీ ఫోన్ చేశాడు. నాతోపాటే చేరినవాడు, యూనిట్ ఏడు.

"రేయ్ కొండలూ, ఏం రాసి తగలడ్డావురా?"

"ఏమైంది?"

"అందరికీ మెయిలొచ్చింది. 19-07-జిలో లోపం రుజువైందంట. డిసెంబరు ముప్పై ఒకటికి బ్యాచ్ మొత్తాన్ని మార్కెట్లోంచి తీసేస్తారంట. నువ్వు బావిలో దూకితే దూకరా నాయనా, చేద తాడు మా కాళ్ళకెందుకు కట్టావు?"

మెయిల్ తెరిచి చూశాను, నిజమే.

"మా అమ్మకి జనవరి ఎనిమిదో తారీకు ఆపరేషన్రా," అన్నాడు, గొంతు తగ్గించి. "ఉద్యోగుల తల్లిదండ్రులకి మోకాలు ఉచితమన్నారుగా. ఉద్యోగం ఉంటేనే మోకాలు. రెండేళ్ళ నించి కుర్చీలో కూర్చుని నమాజు చేస్తంది. జిల్లా అంతా మోకాళ్ళమ్మాను, మా ఇంట్లో అమ్మకే లేకపోయె."

వెంటనే బండేసుకుని విజయవాడ వెళ్ళి ముకుందరావు గారి ముందు నిలబడ్డాను.

"సార్, మేం తొమ్మిది మందిమీ ఒకే రోజు చేరామంతే. ఒకే అచ్చులో తయారవలేదు."

ఆయన ఫైలు తెరిచి ఒక కాగితం నా వైపు తిప్పారు. మా వాట్సాప్ గ్రూపు ఫొటో. పైన గ్రూపు పేరు 'మన బ్యాచ్'. కింద, సూర్యలంక బీచిలో కంపెనీ టీషర్టులతో మా తొమ్మిది మంది బొమ్మ. దాని కింద మస్తాన్ పెట్టిన మెసేజి, "మన బ్యాచ్ అంతా ఒకటే టైపు."

"తొమ్మిది యూనిట్లు, ఒకే ప్యాకింగ్," అన్నారు ముకుందరావు గారు. "మీ స్వచ్ఛంద అంగీకారము కూడా ఉన్నది."

"బ్యాచ్ అంటే స్నేహితులని సార్. మేం అట్లాగే అనుకుంటాం."

"స్నేహితులు అను అర్థమున్నచోట స్నేహితులని వ్రాయవలసినది. బ్యాచ్ అని వ్రాసిన పిదప బ్యాచే."

నాగభూషణం గారి కొట్టు, నీళ్ళు నిలిచిన పట్టా, అన్నీ ఒకసారి కళ్ళ ముందు తిరిగాయి. "అయితే నా ఫారం వెనక్కి తీసుకుంటాను సార్. ఎక్కడికీ వెళ్ళను. వాళ్ళని ఉంచండి."

"లోపమును వెనుకకు తీసుకొనుట అనునది ఉండదు. లోపము ఎక్కడ పుట్టినదో కనుగొనుట ఒక్కటే ఉండును. తయారీలో పుట్టినదా, ముడిసరుకులో పుట్టినదా? మీ సరఫరాదారులెవరు?"

"అర్థం కాలేదు సార్."

"మీ అమ్మా నాన్నా."

ఆదివారం పొద్దున పది గంటలకి ముకుందరావు గారు మా ఇంటికి తనిఖీకి వచ్చారు. యార్డు వెనక వీధిలో మా ఇల్లు. గుమ్మంలో అడుగు పెట్టగానే నాలుగు తుమ్ములు తుమ్మి, "ఇచ్చట ధూళి నియంత్రణ లేదా?" అన్నారు.

"అది దుమ్ము కాదు సారూ, కాయ ఘాటు," అన్నాడు మా నాన్న, కుర్చీ తువ్వాలుతో దులుపుతూ. "రెండ్రోజులుంటే అలవాటైద్ది."

ఆయన కూర్చుని అట్ట మీద కాగితాలు సర్దుకున్నారు. "యూనిట్ తయారీ సమయమున ఏమేమి వాడితిరి?"

అమ్మ నా వైపు చూసింది. నా చిన్నప్పుడు ఏం పెట్టారని అడుగుతున్నారని చెప్పాను.

"ఏం పెడతామయ్యా. పొద్దున చద్దన్నం, మాపిటికి పప్పు. పరీక్షలప్పుడు కోడిగుడ్డు."

"కోడిగుడ్డు అన్ని యూనిట్లకూ ఇచ్చారా, ఎంపిక చేసిన వాటికేనా?"

"మాకు ఈడొక్కడేనయ్యా."

రాసుకున్నారు. ఈలోగా నాన్న గొంతు సవరించుకున్నాడు. "సారూ, మావోడిలో ఏం తప్పొచ్చింది?"

"తప్పు కాదు, లోపము. నియమము ప్రకారము ఒక యూనిట్‌లో లోపము కనిపించినచో బ్యాచ్ మొత్తము తీసివేయవలెను."

నాన్న కాసేపు ఆ మాటను బస్తా మోసినట్టు మోసి చూశాడు. "బస్తాలో ఒక తాలు కాయ దొరికితే బస్తా తగలబెడతారా సారూ? ముప్పై ఏళ్ళ నించి యార్డులో ఉన్నా, ఆ యాపారం నేను చూళ్ళేదు. తాలు ఏరి పక్కన బెడతారు, మంచి కాయ మంచి కాయే." తాలంటే రంగు పోయి తెల్లబారిన మిరపకాయ అని ముకుందరావు గారికి వివరించాను. ఆయన కాగితం మీద "సరఫరాదారునకు వర్గీకరణపై అవగాహన కలదు" అని రాసి, మళ్ళీ తుమ్మారు.

"మీ సరఫరాలో ఇటువంటి పట్టభద్ర యూనిట్లు ఇంతకుమునుపు ఎన్ని?"

"మనింట్లో నాకు ముందు డిగ్రీ చదివినవాళ్ళున్నారా అని అడుగుతున్నారు నాన్నా."

"డిగ్రీనా?" నాన్నకి నవ్వొచ్చింది. "వీళ్ళ తాతది వేలిముద్ర. నేను సంతకం నేర్చుకుందే వీడి స్కాలర్‌షిప్ కాయితాల కోసం. మా రెండు వైపులా చూసినా వీడే మొదటోడు సారూ."

ముకుందరావు గారి కలం ఆగింది. "మునుపు నమూనా లేదు? ట్రయల్ లేదు?"

"ట్రయలేముందయ్యా," అంది అమ్మ. "ఎట్టొస్తాడో తెలీకుండానే చదివించాం."

ఆయన కళ్ళజోడు తీశారు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. అది ఘాటు వల్లనే అయినా, గొంతులో కూడా ఏదో మార్పు వచ్చింది. "ప్రోటోటైప్," అన్నారు మెల్లగా. "ఆరు సంవత్సరములుగా కంపెనీ ఒక ప్రోటోటైప్‌ను మార్కెట్లో వాడుచున్నది. ఏ ఆడిట్‌లోనూ ఎవరూ పట్టుకొనలేదు."

సంచిలోంచి క్వాలిటీ మాన్యువల్ తీసి, నిలబడి చదివారు. "తొమ్మిది బై మూడు. ప్రోటోటైప్ ఏ బ్యాచ్‌నకూ చెందదు. విక్రయ కార్యములకు వినియోగించరాదు. వినియోగించినచో తక్షణమే తయారీదారునకు వాపసు చేయవలెను."

"అంటే సార్, మిగతా ఎనిమిది మంది..."

"వారితో మీకు సంబంధము లేదు. మీ లోపము మీకు సొంతము."

ఆ మాట ఇంత సంతోషంగా విన్నవాణ్ణి నేనే అయి ఉంటాను. ఆయన వెళ్ళాక నాన్న అడిగాడు. "ఆ పోటోటైపంటే మంచిదా, చెడ్డదా?"

"మొదటిసారి చేసి చూసేది నాన్నా. ఎట్లా వస్తుందో తెలియకుండా."

"అయితే నిజమే చెప్పాడుగా," అన్నాడు నాన్న.

ఆ వారంలో మిగతా ఎనిమిది మంది ఇళ్ళలోనూ తనిఖీ అయింది. ప్రతి ఇంట్లోనూ ఒక బాబాయో, ఒక అక్కో అప్పటికే డిగ్రీ చదివి ఉన్నారు. మస్తాన్ వాళ్ళ అన్న టీచరు. అందరినీ పరీక్షించిన నమూనా ప్రకారం తయారైన యూనిట్లుగా నిర్ధారించి, రీకాల్ రద్దు చేశారు. మస్తాన్ ఫోన్ చేశాడు.

"ఆపరేషను ఉందిరా. ఎనిమిదో తారీకే. సైజు మూడు, నేనే తీసి పక్కన పెట్టా."

"మంచిదిరా."

"నువ్వు మా బ్యాచ్ కాదంట కదా?"

"కాదంట."

"నిన్ను గ్రూపులోంచి తీసెయ్యమని మెయిలొచ్చింది. తీసేశా. ఇప్పుడే మళ్ళీ కలిపా, చూసుకో. గ్రూపు పేరు మార్చా."

చూసుకున్నాను. 'మనోళ్ళు' అని ఉంది.

డిసెంబరు ముప్పై ఒకటిన నన్ను తయారీదారుకి, అంటే మా అమ్మానాన్నలకి, వాపసు. పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి కీళ్ళ పెట్టెలు మోసే ఏసీ వ్యాను సిద్ధంగా ఉంది.

"సార్, నేను రోజూ సాయంత్రం ఆ ఇంటికే వెళ్తాను. నా బండి బయటే ఉంది. దాని మీద పోతాను."

"అది రాకపోక," అన్నారు ముకుందరావు గారు. "ఇది రవాణా."

డ్రైవరు పక్కన కూర్చోవడానికి కుదరదన్నారు. అది మనుషుల సీటు. వెనక పెట్టెల మధ్య నాకు చోటు చేసి, పద్దెనిమిది డిగ్రీల దగ్గర మీట పెట్టి తలుపు వేశారు. డ్రైవరు సుభాని మంగళగిరి దగ్గర ఒకసారి ఆపి, తలుపు సందులోంచి, "చలేస్తే తట్టన్నా, రూలు మార్చలేను గానీ దుప్పటి ఇవ్వగలను" అన్నాడు. తట్టలేదు. చుట్టూ పెట్టెల మీద స్టిక్కర్లు చూస్తూ కూర్చున్నాను. ఆ మోకాళ్ళు ఎవరి దగ్గరికి పోతాయో వాటికి తెలియదు. నేనెక్కడికి పోతున్నానో నాకు తెలుసు. ఆ తేడా చాలనిపించింది.

ఇంటి ముందు వ్యాను ఆగగానే సుభాని చలానా తీశాడు. "వస్తువు, సేల్స్ యూనిట్, ప్రోటోటైప్, ఒకటి. పెద్దాయనా, స్థితి చూసుకుని ఇక్కడ సంతకం పెట్టాల."

నాన్న చేతులు తువ్వాలుకి తుడుచుకుని కలం అందుకోబోయి ఆగాడు. చూడకుండా సరుకు దించుకునే అలవాటు ఆయనకి లేదు. నన్ను అరుగు దగ్గర వెలుతురులో నిలబెట్టాడు. బస్తాలో చెయ్యి పెట్టి కాయ తీసినట్టు భుజం పట్టుకుని నొక్కి చూశాడు. నా అరచెయ్యి తిప్పి చూశాడు. గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తి, కళ్ళలోకి కాసేపు చూశాడు. ఆరేళ్ళ నుంచి పొద్దున్నే పోయి రాత్రికి వస్తున్నవాణ్ణి ఆయన ఇట్లా చూడడం అదే మొదటిసారి.

"రాయి బాబూ," అన్నాడు సుభానితో. "తాలు లేదు. తేమ కొద్దిగా ఉంది. ఆరబెట్టుకుంటాం."

"అదంతా రాయాలా?"

"రిమార్కుల గడుందిగా. రాయి."

సుభాని రాశాడు. నాన్న ఒక్కొక్క అక్షరం దిద్ది, పున్నయ్య అని సంతకం పెట్టాడు. సుభాని ఒక కవరు కూడా ఇచ్చాడు. అందులో మూడో స్టిక్కరు. అంతిమ గమ్యస్థానమున అంటించవలెను. అమ్మ దాన్ని తీసుకుని అటూ ఇటూ చూసి, గోడకున్న అద్దం మీద, తను తీసి పెట్టుకునే బొట్టు బిళ్ళల పక్కన అంటించింది.

మర్నాడు పొద్దున ఆ చలానా నకలు పట్టుకుని పట్నం బజారు వెళ్ళాను.

"కాగితమేది?" అన్నారు నాగభూషణం గారు.

ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇందులో రిలీవింగ్ అని ఎక్కడుందయ్యా?"

"వాపసు అని ఉందండి. ఇప్పుడు వాళ్ళ దగ్గర లేను. కింద మా నాన్న సంతకం ఉంది."

"తేమంట. ఆరబెట్టుకుంటాం అంట." ఆయన చలానా మడిచి సొరుగులో పెట్టారు. "ఆరబెట్టడానికేగా మనం పట్టాలమ్మేది. చెప్పులిప్పి లోపలికి రా."

పదింటికి మొదటి బేరం వచ్చింది. ఫిరంగిపురం వైపు రైతు. పట్టా పరిచి చూపించి, నీళ్ళు దిగవని చెప్పాను. ఆయన పట్టా వంక చూడలేదు, నా వంక చూశాడు.

"నువ్వు చెబితే దిగకుండా ఉంటాయా? రాత్రి మంచు పడి నా కాయ నల్లబడితే నువ్వొచ్చి ఏడుస్తావా, నీ కంపెనీ వచ్చి ఏడుస్తదా?"

ఆ మొహం నాకు పూర్తిగా కనిపించింది. చెంబు తీసుకుని నీళ్ళు తేవడానికి వెళ్ళాను.